బెజ్జంకి తూకం

సిద్దిపేట,
ఆదివారం.

అమ్మకు,

ముందుగా నీ పాదాల మీద పడి, ఈ ఉత్తరంలో రాబోయే ప్రతి వాక్యానికీ, ప్రతి అక్షరానికీ క్షమాపణ వేడుకుంటున్నాను. కన్నతల్లి మనసు నొప్పించిన పాపానికి నువ్వు ఏ శిక్ష వేసినా తలవంచి స్వీకరిస్తాను. ఇదిగో, తల వంచాను కూడా. ఇక అసలు సంగతి ఏమిటంటే, మా సోమశేఖర్ సార్‌కు మాత్రం క్షమాపణ రాసివ్వను.

నేనిక్కడ బాగానే ఉన్నాను. మెట్‌పల్లిలో నువ్వూ, బాపూ, చెల్లె మనీషా బాగున్నారనీ, నా మీద కోపం తప్ప ఇంట్లో ఇంకే ఇబ్బందీ లేదనీ తలుస్తాను. మనీష చేత రాయించి, సర్వపిండి డబ్బాలో పెట్టి బస్సు పార్శిల్లో పంపిన నీ ఉత్తరం నిన్న అందింది. నూనె అంటి సగం అక్షరాలు చెరిగిపోయాయి. తిట్లు మాత్రం ఒక్కటీ చెరగలేదు.

'ఫోన్ ఎందుకు ఎత్తుతలేవు?' అని అడిగావు. బుధవారం బెజ్జంకి వడ్ల కొనుగోలు కేంద్రంలో ఉండగా వాన దంచికొట్టింది. అందరితో కలిసి కుప్పల మీద టార్పాలిన్ లాగుతుంటే జేబులోని ఫోన్ గుంటలో పడి మునిగింది. నాలుగు రోజులుగా మా కిరాయి ఇంటి ఓనరు ఖాజాబీ పెద్దమ్మ బియ్యం డబ్బాలో ఉంది. బియ్యం తడి పీలుస్తుందట. ఆమె రోజూ పొద్దున మూత తీసి చూసి, "ఏం భరణీ, ఇంక ఉడకలేదా నీ ఫోను?" అంటుంది.

'తింటున్నవా, చిక్కిపోయినవా?' అని కూడా అడిగావు. మొదటి వారం నేనే వండుకున్నాను. అన్నం అడుగున మాడింది, నడుమ ముద్దయింది, పైన పలుకుగా మిగిలింది. ఖాజాబీ పెద్దమ్మ గిన్నెలోకి తొంగిచూసింది. "యా అల్లా! గిది అన్నమా, గోడకు పెట్టే లప్పమా? ఇగ నువ్వు పొయ్యికాడికి రాకు బేటా" అంది. అప్పటి నుంచి పొద్దునా రాత్రీ ఆమె చేతి ఖట్టీ దాల్, రొట్టెలు, శుక్రవారం బగారన్నం. మధ్యాహ్నం ఏ ఊరి కేంద్రానికి వెళ్తే ఆ ఊరి ఆడవాళ్లు సద్ది విప్పి పిలుస్తారు. పెట్టినప్పుడు వద్దనకూడదని నేర్పింది నువ్వే. అంచేత ఆ నేరంలో నీకూ వాటా ఉంది.

ఇక సార్ మన ఇంటికి ఫోన్ చేసి చదివిన నేరాల చిట్టా. రైతులను రెచ్చగొట్టానట, లారీని ఆపానట, పై అధికారిని అవమానించానట. నువ్వేమో, 'ఒక్క కాయితం రాసిచ్చి నౌకరి నిలుపుకో బిడ్డా' అన్నావు. జరిగింది విను.

ఊరూరి కేంద్రాల్లో తూకం మిషన్లు సరిచేయడమే కదా నా పని. బెజ్జంకి మిషన్‌ను సోమవారం నేనే సరిచేసి వచ్చాను. గురువారం సార్ కారులో మళ్లీ అక్కడికి వెళ్లేసరికి లక్ష్మమ్మ అనే పెద్దావిడ మిషన్ ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఇంటికాడ నలభై కిలోలు జోకి తెచ్చిన బస్తా. నీ మిషన్ ముప్పై ఏడున్నర అంటుంది. నడుమల రెండున్నర కిలోలు ఎవడు బుక్కిండు పిలగా? నువ్వా, నీ మిషనా?"

నవ్వుతూనే కారులోంచి ఇరవై కిలోల తూకం రాయి తెచ్చి మిషన్ మీద పెట్టాను. అంకె పందొమ్మిది కూడా చేరలేదు. నా నవ్వు ఆగిపోయింది. అప్పటికే అదే తూకంతో నూటపన్నెండు బస్తాలు నింపి కుట్టేశారు. బస్తాకు రెండున్నర కిలోల వడ్లు ఎక్కువ పోసినట్టు. లారీ వచ్చి నిలబడి ఉంది.

సార్ నన్ను పక్కకు లాగాడు. "కుట్టిన బస్తాలు ఇప్పుతవా? లారీ పోనియ్. రేపటికెల్లి సరిగ్గ జోకితే అయిపాయె. నోరు మూసుకో."

"ఎక్కువ పోసిన వడ్లు ఎవలింటికి పోతయి సార్?"

"నీకెందుకోయ్? నీ జీతం నీకొస్తది గద!"

నేను వెళ్లి లారీ ముందు కూర్చున్నాను. రెచ్చగొట్టడం ఎక్కడిది? నన్ను చూసి రైతులూ వచ్చి కూర్చున్నారు. అవమానం ఎక్కడిది? ప్రతి మాట చివరా 'సార్' అన్నాను. సాయంత్రానికల్లా మిషన్ సరిచేసి, బస్తాలన్నీ విప్పి జోకి, మిగిలిన వడ్లు ఎవరివి వాళ్లకు ఇప్పించాను. ఇప్పుడు సార్, "మాఫీ కాయితం రాసియ్యి, లేకుంటే సోమవారం నుంచి రాకు" అంటున్నాడు. రాయను. బాపు ప్రతి పంటకూ తన కుప్ప పక్కన నిలబడి, ఊపిరి బిగబట్టి మిషన్ అంకెను చూసే చూపు నాకు తెలుసు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటాను. నువ్వు తిట్టినా సరే, ఏడ్చినా సరే.

ఇంతవరకు రొమ్ము విరుచుకుని రాశాను. ఇక్కడి నుంచి తల వంచుకుని రాస్తున్నాను.

ఆ సాయంత్రం లక్ష్మమ్మ తన సద్ది విప్పి ముందు నాకే పెట్టింది. జొన్నరొట్టె, వంకాయ కూర. "నువ్వు లేకుంటే మా నోట్ల మన్నే పడుతుండె బిడ్డా" అని నా తల నిమిరింది. నేను రెండు రొట్టెలు తిన్నాను. ఒక్క మాట చెప్పకుండా తిన్నాను.

వానకు మిషన్ చెడిందని అందరూ అనుకుంటున్నారు. సార్ కూడా అలాగే రాసుకున్నాడు. కానీ సోమవారం నేను తూకం రాళ్లు తీసుకెళ్లలేదమ్మా. బస్సు దిగాక ఎండలో ఎవడు మోస్తాడని గదిలోనే వదిలేశాను. రాళ్లకు బదులు నేనే మిషన్ ఎక్కి, ఉగాదికి మన ఊరి రైస్‌మిల్లులో తూగిన అరవై రెండు కిలోలే నా బరువని మిషన్‌లో కొట్టేశాను. మొన్న శుక్రవారం సరైన మిషన్ ఎక్కి చూసుకుంటే అరవై ఆరు. ఆ నాలుగు కిలోల తేడాకే మిషన్ ప్రతి బస్తానూ తక్కువ చూపింది. మిగతా ఊళ్లలో రాళ్లతోనే చేశాను, అయినా వెళ్లి మళ్లీ చూసి వచ్చాను. అవన్నీ సరిగ్గానే ఉన్నాయి.

సార్‌కు ఇవ్వని క్షమాపణ రేపు పొద్దున లక్ష్మమ్మకు చెప్పాలి. ఆమె ఏమంటుందో తెలియదు. సార్ చిట్టాలో చదివినవేవీ తప్పులు కావు. నేను చేసిన తప్పు ఇది ఒక్కటే.

ఇట్లు,
నాలుగు కిలోలు దాచిన నీ కొడుకు,
భరణి