అత్తయ్య ఎక్కిన కారు

ఏలూరు

చిరంజీవి కార్తికేయకు,

అమ్మ ముద్దులు, దీవెనలు. ఇక్కడ మేం క్షేమం. క్షేమమంటే మీ నాన్నకు షుగరు, నాకు కోపం, రెండూ ప్రస్తుతానికి అదుపులో ఉన్నాయి. నువ్వు విశాఖపట్నంలో వేళకు తింటున్నావనే నమ్ముతున్నాను. తినకపోతే ఆ సంగతి మాత్రం రాయకు, నా కోపం కట్టు తప్పుతుంది.

నాన్న రోజూ రైల్లో గూడెం ఉల్లిపాయల మార్కెట్‌కు గుమాస్తా పనికి వెళ్ళి వస్తున్నారు. సంచీలో ఉల్లిపాయలు లేకుండా ఇంటికి రావడం ఆయనకు చేతకాదు. వంటింట్లో కాలు పెట్టే చోటు లేదు. ఈ ఉత్తరం కూడా ఆ వాసనే వేస్తే ఏమీ అనుకోకు.

ఫోన్లో చెబితే మధ్యలో నేను ఉపన్యాసం మొదలుపెడతానని ఉత్తరం రాశానన్నావు. తెలివైనవాడివి. నేనూ అందుకే రాస్తున్నాను, నువ్వు అడ్డు రాకూడదని.

నీ మొదటి ప్రశ్న: మేం అమ్మే కారు ఇంజను మంచిది, ధర కాస్త తక్కువ, అయినా మన జిల్లాలో డబ్బున్నవాళ్ళంతా పోటీ కంపెనీ కారే ఎందుకు కొంటున్నారమ్మా, అని. అడక్క అడక్క నన్నా అడగడం! నా జవాబు నీకు తెలుసు. కోటి పెట్టేవాడు కారు కొనడు, ఎదుటివాడి కళ్ళు కొంటాడు. చేపలకు మేత వేసే మనిషి ఎండలో సైకిలు తొక్కుతుంటే, అదే గట్టు మీద అద్దాలు బిగించుకుని పోవడానికి ఏ బొమ్మ ఉన్న కారైతేనేం? ఈ మాట మా సంఘం కరపత్రంలో కూడా రాశాను. ఎవరూ చదవలేదనుకో. నా సరుకూ మీ కారు లాంటిదేరా. ఇంజను మంచిది, అమ్ముడుపోదు.

రెండోది ప్రశ్న కాదు, మొర. పోయిన నెల నువ్వు గణపవరం తీసుకెళ్ళి చూపించిన కారు మల్లేశ్వరరావు మావయ్యకు నచ్చిందనీ, చెరువు గట్టు మీద స్వయంగా నడిపాడనీ, ఆ తరవాత ఉలుకూ పలుకూ లేదనీ రాశావు. నెలాఖరుకు ఒక్క కారైనా పోకపోతే ఉద్యోగంలో ఉంచరనీ, నన్నొకసారి వెళ్ళి మాట్లాడమనీ రాశావు. కొల్లేరు సరస్సు హద్దులో ఉన్న ఆయన చేపల చెరువుల మీద కలెక్టరుకు అర్జీ పెట్టినప్పటినుంచి నేను అన్నయ్య గుమ్మం తొక్కలేదని నీకు తెలుసు. తెలిసీ అడిగావంటే ఎంత ఇరకాటంలో ఉన్నావో అర్థమైంది. వెళ్ళాను.

అన్నయ్య వరండాలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"ఏమ్మా మాణిక్యం, చెరువులు పూడ్పించడానికొచ్చావా, కాఫీకొచ్చావా?"

"ముందు కాఫీ. చెరువులు తరవాత."

"దుర్గా! నీ ఆడపడుచొచ్చింది. కాఫీలో ఇంకాస్త పంచదార వెయ్యి. ఆ నోటికి ఎంత వేసినా తక్కువే."

వదిన నవ్వుకుంటూ వచ్చింది, గోడ పట్టుకుని. మీ అత్తయ్య మోకాళ్ళు బాగా అరిగిపోయాయిరా. లోపల్నించి వరండాలోకి రావడానికే రెండుచోట్ల ఆగింది.

మా వాడి కారుకేం తక్కువైందని అన్నయ్యను నిలదీశాను.

"తక్కువేం లేదే, బంగారంలాంటి కారు. కానీ ఎక్కడ ఆపినా 'ఇదేం కారండీ' అని అడుగుతారు. అంత డబ్బు పోశాక కూడా నోటితో చెప్పుకోవాలంటే ఇంక కొనడమెందుకే?"

చూశావా, నా సిద్ధాంతమే! "నేను రాసిందీ అదే అన్నయ్యా" అని ఉత్సాహంగా మొదలుపెట్టాను. వదిన సాగనివ్వలేదు.

"మీ అన్నాచెల్లెళ్ళిద్దరూ కాసేపు ఆగండి. సంగతి నేను చెబుతాను. కార్తీ కారు తెచ్చిన రోజు ఈయన నడిపారు, వాడు పక్కన కూర్చున్నాడు. నేను గేటు దగ్గర మజ్జిగ గ్లాసులు పట్టుకుని నిలబడ్డాను. వచ్చాక నేనే ఎక్కబోయాను. గోతిలోకి దిగినట్టుంది తల్లీ! పైకి రావడానికి ఇద్దరు లాగాల్సొచ్చింది. అప్పుడు నీ కొడుకు రోడ్డు మీద ఫోన్లో మాట్లాడుతున్నాడు."

నిజమేనట్రా? అత్తయ్య చేతి మజ్జిగ తాగావు, ఎక్కి చూడత్తయ్యా అనలేకపోయావు.

ఇంతలో పోటీ కంపెనీ అమ్మాయి కారు తీసుకొచ్చింది. పేరు సిల్వియా, మన ఏలూరు పిల్లే. అన్నయ్య స్టీరింగు వైపు నడుస్తుంటే, "ఒక్క నిమిషమండీ" అని ఆపి, వెనక తలుపు తీసింది. "అమ్మగారూ, ముందు మీరెక్కి చూడండి. ఇబ్బందిగా ఉంటే చెప్పండి, ఇటునుంచి ఇటే తీసుకుపోతానండీ" అంది.

ఎత్తు కారు. సీటు మంచమంత ఎత్తులో ఉంది. వదిన వెనక్కి తిరిగి కూర్చుని, కాళ్ళు లోపలికి తిప్పుకుంది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. దిగింది. ఎవరూ అడక్కుండానే మళ్ళీ ఎక్కింది.

నేనేదో ఆ కంపెనీకి జై కొడుతున్నాననుకోకు. అమ్మగారిని ముందు ఎక్కించడం సమానత్వం కాదు, గాలానికి గుచ్చిన ఎర. కానీ ఆ పిల్ల చేప ఉన్నచోట గాలం వేసింది, నువ్వు గట్టు మీద వేశావు.

అందరం కొల్లేరు దాకా వెళ్ళాం. అవును, నేనూ ఎక్కాను. సీటు మెత్తగానే ఉంది, అబద్ధమెందుకు. పెళ్ళయినప్పటినుంచీ ఆ చెరువుల తిండి తింటున్న వదిన గట్టు దాకా రావడం అదే మొదలట. గూడకొంగలు బారులు తీరి దిగుతుంటే అద్దానికి ముఖం ఆనించి చూస్తూ కూర్చుంది. "అన్నయ్యా, ఆ గట్టు సరస్సు హద్దులోనే ఉంది" అన్నాను. "ఇక్కడ దిగి నడిచొస్తావా?" అన్నాడు. చాన్నాళ్ళకు ముగ్గురం కలిసి నవ్వాం.

ఇంతవరకూ రాసి లేచి కాఫీ పెట్టుకొచ్చాను. ఇక దాటవేయడానికి నాకు వేరే సంగతులేవీ మిగల్లేదు.

ఇంటికొచ్చాక అన్నయ్య అందరి ముందూ అన్నాడు: "మాణిక్యం, నువ్వు మా గుమ్మంలోకి వచ్చావు, నాకదే చాలు. ఒక్క మాట అను, కార్తీ కారే తీసుకుంటాను. మేనల్లుడి ఉద్యోగం కన్నా ఎక్కువా? మీ వదినను మేం పట్టుకుని ఎక్కిస్తాంలే."

వదిన ఖాళీ గ్లాసులు సర్దుతూ ఒక్కసారి నావైపు చూసింది.

ఉద్యోగం వచ్చిన రోజు టై బిగించుకుని నువ్వు పంపిన ఫొటో గుర్తొచ్చింది. 'సరే' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. "వద్దన్నయ్యా, వదిన ఎక్కగలిగిన కారే కొను" అన్నాను.

సిల్వియా అప్పుడే కాగితాలు రాయించుకుంది.

నీ బేరం పోగొట్టింది పోటీ కంపెనీ కాదురా, నేను. ఆడవాళ్ళను ఎందుకడగరని ఇన్నేళ్ళు వేదికలెక్కి అరిచాను. తీరా నన్ను అడిగినప్పుడు, కొడుకు కోసం వదిన మోకాళ్ళు అమ్మలేకపోయాను. తప్పు చేశానని అనను. నీకు నష్టం చేశానని మాత్రం తెలుసు. తెలిసి హాయిగా నిద్రపోయాననుకోకు.

మీ నాన్నకు చెబితే ఉల్లిపాయలు ఆరబోస్తూ, "ఈ సంగతి వాడికి మీరే రాసుకోండి" అన్నారు. కోపమొచ్చినప్పుడే ఆయన నన్ను మీరంటారని తెలుసుగా. అన్నం మాత్రం తిన్నారు.

అత్తయ్య ఒక మాట చెప్పమంది. ఆదివారం నీ కారు తీసుకుని రమ్మంది. ఎవరింట్లో ఎవరి మోకాళ్ళు ఎలా ఉన్నాయో ఈ చుట్టుపక్కల తనకు తెలిసినంత ఏ కంపెనీకీ తెలియదట. ఉంగుటూరులో వాళ్ళ చెల్లెలు ఇప్పటికీ మేడ మెట్లు పరుగున ఎక్కుతుందట. నువ్వొస్తే కూడా వచ్చి అలాంటి ఇళ్ళు తనే చూపిస్తానంది, ఎత్తు కారులో, నీ వెనకాలే.

వస్తావో రావో నీ ఇష్టం. ఫోన్ మాత్రం కోపం తగ్గాక కాదు, కోపంగా ఉన్నప్పుడే చెయ్యి. నా కడుపున పుట్టినవాడు వాదించకుండా ఊరుకుంటే నాకు భయం. తిట్టినంతసేపు తిట్టు. ఈసారికి అడ్డు రాను.

ఇట్లు,
నీ బేరం చెడగొట్టిన
అమ్మ