చిన్న రేవులో పిడికెడు తవుడు

చెరువుల నిర్వహణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: చిన్న రేవు వద్ద సాయంత్రం పూట చేపలకు మేత వేయుటకు అనుమతి కోరుట, మరియు నాకు అందిన నోటీసుకు సంజాయిషీ.

పొద్దున పూట కుటుంబాలను, పిల్లలను వెంటబెట్టుకుని చెరువు చిన్న రేవుకు తీసుకుపోయి, గాలం వేయడం నేర్పి, పడిన చేపను మళ్లీ నీళ్లలో వదిలించి పంపడం నా వృత్తి. పిల్లలు నన్ను గాలం మాస్టారంటారు. తమరికి విన్నవించుకొనునది ఏమనగా:

1. నా పర్మిట్టు ఎందుకు రద్దు చేయరాదో చెప్పమన్న తమ నోటీసులో రాసినట్లు, ఈమధ్య పిల్లలకు చేపలు పడడం లేదని, ఏడుస్తూ ఇళ్లకు పోతున్నారని తల్లిదండ్రులు చేసిన ఫిర్యాదు వాస్తవమే. పోయిన ఆదివారం ఒక పాప నీళ్ల మీద కదలని తన గాలం బెండు వైపు చూసీ చూసీ, "మాస్టారూ, వాటికి నేనంటే ఇష్టం లేదా?" అని అడిగినది. ఎర మార్చి మళ్లీ వేయించినాను.

2. నా భార్య కాలం చేసినప్పటి నుండే ఇట్లు జరుగుచున్నది. ఈ రెండింటికీ సంబంధమున్నదని రేవు కాపలాదారు చెప్పగా తెలిసినది. అతని మాటలు ఉన్నవి ఉన్నట్లు: "నీకు తెలీదా అన్నా? మోకాళ్ల నొప్పులకి నడక మంచిదని నీకు చెప్పి, వదిన రోజూ సాయంత్రం ఇక్కడికే వచ్చేది. తవుడు ముద్దలేసేది. అందుకే చేపలు ఇక్కడికి మరిగాయి. 'మీ అన్నకి చెప్పకు, అంతా తన చేతి చలవే అనుకుంటున్నాడు, అనుకోనీ' అని నవ్వేది."

3. ఇటీవల తమ కార్యాలయం వారు రేవులో 'చేపలకు మేత వేయరాదు' అని బోర్డు పెట్టించినారు. నీళ్లు పాడవుతాయన్న తమరి ఆలోచన సబబే. కానీ చేపలకు చదువు రాదు. సాయంత్రమయ్యేసరికి వచ్చి నోళ్లు తెరుచుకుని చూస్తున్నాయి. ఆమె పోయిన సంగతి వాటికి ఎవరూ చెప్పలేదు. మేత దొరకని చోట పొద్దున్న దాకా ఉండవు గనుక పిల్లల గాలాలకు పడడం లేదు. ఆమె తవుడు డబ్బా పట్టుకుని నేను వెళితే, కాపలాదారు కళ్లు తుడుచుకుంటూనే చెయ్యి అడ్డం పెట్టినాడు. అతని ఉద్యోగం అతనిది.

4. వచ్చే చేపలు రోజు రోజుకూ తగ్గిపోతున్నాయి. ఇంట్లో ఆమె చెప్పులున్నాయి, కళ్లజోడుంది. అవి ఆమె కోసం చూడవు. ఆమె ఇంకా వస్తుందని నమ్ముతున్నవి ఆ చేపలే. అవి కూడా మానేస్తే నేనేమైపోవాలి? ఇది అర్జీలో రాయదగిన మాట కాదని తెలుసు. కొట్టేయడానికి చెయ్యి రాలేదు.

కావున, నా పర్మిట్టు రద్దు చేసినా సరే, రోజూ సాయంత్రం ఆమె వేసిన చోటనే పిడికెడు తవుడు వేసుకొనుటకు అనుమతి ఇప్పించగలరు. ఫైలు ఆగినా చేపలు ఆగవు గనుక, త్వరగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గాలం మాస్టారు

తా.క.: అర్జీ రాసి రేవుకు వెళ్లొచ్చాను. ఇవాళ ఒక్కటే వచ్చింది. ఖాళీ చేతులు చూపించాను. అయినా పోలేదు సార్. దానికి నేనేం చెప్పాలి?