దీపం ఎవరూ ఆర్పలేదు

బిష్కెక్ కంటి ఆసుపత్రి, మంగళవారం

తమ్ముడు మెదెర్‌కి అక్క బురుల్ రాస్తున్నది. ప్రాణానికేమీ ఢోకా లేదు, కంగారు పడకు.

షుగర్ డాక్టరు కళ్ళు చూపించుకోమంటే నిన్న ఇక్కడికొచ్చాను. డాక్టరమ్మ నా ముఖానికి ఏదో అడ్డం పెట్టి గోడ మీది అక్షరాలు చదవమంది. "ముందు దీపం వెయ్యమ్మా, చీకట్లో ఏం చదవను?" అని కసిరాను. "దీపం వెలుగుతూనే ఉంది పెద్దమ్మా. నేను మూసింది మీ కుడి కన్ను" అంది. జన్మంతా ఉన్ని ముక్కలు కలిపి తివాచీలు కుట్టినదాన్ని, సూదిలో దారం ఎక్కించడానికి ఎడమ కన్ను మూసుకోవడం అలవాటు. ఆ కన్ను ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు. షుగర్ తినేసిందట, ఇక చూపు రాదట. కుడిదాన్నైనా నిలబెట్టడానికి రేపు లేజర్ పెడతారు. భయంగా ఉందిరా.

నా బీపీ మాత్రలు చెక్కపెట్టెలో ఉన్నాయి, పట్టుకురా. తేనె మాత్రం తేవద్దు. తెల్ల గొర్రె ఈనిందా? నీ టీలో జామ్ వెయ్యడం మానమని మరదలు ఐనురాతో నా మాటగా చెప్పు.

నీకూ షుగర్ వచ్చి ఏళ్ళయింది, ఒక్కసారైనా కళ్ళు చూపించుకున్నావా? అడిగితే "అవతలి కొండ మీది గుర్రం ఎవరిదో చెబుతా, నాకెందుకే పరీక్ష" అని మీసం దువ్వుతావు. ఈ కార్డు ఒక కన్ను మూసి చదువు, తర్వాత రెండోది మూసి చదువు. రెండింటితోనూ చదవగలిగినా సరే, బస్సెక్కు. చూపు తగ్గకముందే లోపల పాడవుతుందట, నొప్పి కూడా ఉండదట.

పిల్లలకు ముద్దులు. మీ మంద చల్లగా ఉండాలి. నీకు అన్నీ బాగానే కనిపిస్తున్నాయని మాత్రం జవాబు రాయకు. మొన్నటిదాకా నాకూ బాగానే కనిపించాయి.