నవల చెడిపోతుందని

ఒరేయ్ రచయితా,

మా ముగ్గురి సోమరితనం మీద హాస్యనవల రాస్తానని నువ్వు కూర్చున్నప్పటి నుంచి మేం వేలు కదపలేదు. మేం బాగుపడితే నీ కథ చెడిపోదూ? పాటగాడు కచేరీకి పిలుపొచ్చినా గొంతు బాగాలేదని బొంకాడు. పొడుగోడు హోటల్‌కి గది చూసుకుని కూడా, "వాడి పుస్తకం అయ్యాక తెరుద్దాంలే" అన్నాడు. టైలర్ షాపు పెడదామని మిషన్ తెచ్చుకున్న నేను, దాని మీద కప్పిన గుడ్డైనా తియ్యలేదు. "ఆ పుస్తకం ఎప్పుడవుతుందిరా?" అని మా అమ్మ రోజూ ప్రాణం తోడేస్తోంది.

నువ్వేమో రాయడం మానేసి ఉద్యోగంలో చేరావట! మాతో ఒక్క ముక్కైనా చెప్పావా?

సాయంత్రాలైనా కూర్చుని ముగించరా. పుస్తకం రాకముందే వీధంతా మమ్మల్ని చూసి నవ్వుతోంది.

ఇట్లు,
మూడో అధ్యాయంలో నువ్వు మంచం మీద పడుకోబెట్టి వదిలేసినవాణ్ని.