కరివేపాకు పురుగులు

28 అక్టోబరు 1956, ఆళ్లగడ్డ

రెండు వారాల కిందటి ఆదివారం నా భార్య జానకి పొద్దున్నే లేచింది. జ్వరం తగ్గిందంది. నంద్యాల ఇంటి పెరట్లో కరివేపాకు చెట్టు మీది పచ్చపురుగులు ఏరి, తొట్టిలోని రెండు కొర్రమీను పిల్లలకు వేసింది. పది గంటలకు మళ్లీ చలి. మధ్యాహ్నం డాక్టరు వచ్చి వెళ్లాడు. దీపాలు పెట్టే వేళకు పోయింది.

ఆ ఇంటికి తాళం పడింది. ధనిష్ఠా నక్షత్రంలో పోతే ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలట. తాళంచెవి అత్తగారి కొంగున ఉంది. స్కూలుకు లాంగ్ లీవు అత్తగారివాళ్లే పెట్టించారు. బి.ఏ. చదివినవాణ్ణి. అయినా వాళ్ల వెంట ఈ ఊరు వచ్చేశాను.

చేపలను మాత్రం ఇత్తడి బిందెలో తెచ్చుకున్నాను.

30 అక్టోబరు

ఏందప్పా ఇది, ఆ ఇంట్లోంచి పానమున్నది ఏదీ తేగూడదు, సదువుకున్నోనివి నీకు తెల్దా అని అత్తగారు మండిపడ్డారు. నన్ను తెచ్చారు కదా అన్నాను.

బావమరిది చెన్నకేశవులు బిందెలోకి తొంగిచూశాడు. బాగా మేపు బావా, పులుసుకొస్తాయి అని నవ్వాడు.

1 నవంబరు

బొరుగులు వేశాను. ముట్టలేదు. అన్నం వేశాను. నీళ్లు కంపు కొట్టాయి.

4 నవంబరు

ఇక్కడి కరివేపాకు చెట్టుకు ఒక్క పురుగూ లేదు. మునగచెట్టు నిండా గొంగళిపురుగులు. వెంట్రుకలున్నవి చేపలకు వేయకూడదని జానకి అనేది. వాటి జోలికి పోలేదు. గోడ పక్క గన్నేరు మీద మంచివి కనిపించాయి. నున్నగా, పచ్చగా, లావుగా. ఆమె వేసినవీ పచ్చనివే. రెండు వేశాను. పెద్ద చేప గుటుక్కున మింగింది. చిన్నది నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది.

మధ్యాహ్నం అన్నం మారు వడ్డించుకున్నాను. ఆమె పోయాక ఇదే మొదలు.

5 నవంబరు, ఉదయం

పెద్దది వెల్లకిలా తేలింది.

సాయంత్రం

ఆ నచ్చత్రం ఇంగా వదల్లేదు, చూడు నాయనా, ఆరు నెల్లు గాదు, ఏడాదైనా యాడికీ కదలొద్దు అన్నారు అత్తగారు. నక్షత్రం కాదు, గన్నేరు అన్నాను. వినలేదు.

గన్నేరాకు మేక కూడా ముట్టదు. ఆ ఆకంతా పురుగు కడుపులో ఉంది. నాకు తెలిసిన సంగతే. పురుగును చూశాను, చెట్టును చూడలేదు.

చెన్నకేశవులు దొడ్లో గుంత తీశాడు. పులుసు మాట ఎత్తలేదు.

8 నవంబరు

చిన్నది చిక్కిపోయింది. తల ఒక్కటే పెద్దదిగా కనిపిస్తోంది.

మలేరియావాళ్లు వచ్చి గోడలకూ కొట్టానికీ డి.డి.టి. కొట్టి పోయారు. దొడ్లో ఆకులన్నీ తెల్లగా ఉన్నాయి. ఇక ఇక్కడ ఏ పురుగునూ నమ్మలేను.

9 నవంబరు

తాళంచెవి అడిగాను. నా బిడ్డ పాయె, నువ్వన్నా ఉండప్పా, ఆ ఇంట్లో అడుగు పెట్టొద్దు అని అత్తగారు నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు. కోపమైతే తట్టుకునేవాణ్ణి.

10 నవంబరు

రేపు పొద్దున మొదటి బస్సుకు బిందెతో నంద్యాల పోతాను. పెరటి గోడ నా భుజం ఎత్తే. ఎక్కి దిగి, ముందు కరివేపాకు చెట్టు చూస్తాను.