పదమూడుకి ఒకటి తక్కువ

అక్కకి, చెల్లెలు మెయ్‌చిన్ రాస్తున్నది. ఇక్కడ అందరం తింటున్నాం, తిరుగుతున్నాం. చెప్పుల ఫ్యాక్టరీలో నువ్వూ బావా కులాసాగా ఉన్నారనుకుంటాను. ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. నీ గొంతు వింటే చెప్పాల్సింది మింగేస్తాను, అందుకే కాగితం పట్టుకున్నాను.

నువ్వడిగినవి ముందు. ఈసారి పొగలో ఎండబెట్టే మాంసం మీ అత్తగారే చేసింది. ఉప్పెక్కువైందన్నానో లేదో, "పంతులమ్మవి, నీకేం తెలుసు? సేమ్యాలో వేసుకు తిను" అని నా నోరు మూయించింది. నువ్వు పంపిన దూది కోటు నీ కూతురు యాన్‌షూకి భుజాల దగ్గర వదులైంది. దాని ర్యాంకు సంగతి కాస్త ఆగి రాస్తాను.

"పిల్లల దిగులు తూచే తక్కెడ ఎలా ఉంది?" అని బావ వెక్కిరించాడట. తక్కెడ కాదు, తొమ్మిది ప్రశ్నల కాగితం. వేరే దేశంలో తయారైంది. అది మన పిల్లలకి పనికొస్తుందో లేదో తేల్చడానికి యూనివర్సిటీ నుంచి షీ మేడమ్ వచ్చింది. పిల్లలంతా కాగితం నింపాలి. ఎక్కువ మార్కులొచ్చిన, అంటే దిగులెక్కువున్న వాళ్ళతోనూ, మిగతా వాళ్ళలో కొందరితోనూ డాక్టరు కూర్చుని మాట్లాడతాడు. కాగితం చెప్పిందీ డాక్టరు చెప్పిందీ ఒకటేనా అని చూస్తారు. రెండు వారాలకి మళ్ళీ అదే కాగితం నింపిస్తారు. పద్దెనిమిది వందల మంది పిల్లలకి మనసు సంగతి చూసే టీచర్ని నేనొక్కదాన్నే కనుక, పనంతా నా నెత్తినే పడింది.

"అలసటగా ఉంటోందా" అన్న ప్రశ్న చదివి క్లాసు టీచరు పెంగ్ మాస్టారు ఏమన్నాడో తెలుసా? "పెద్ద పరీక్షకి చదివేవాడు అలిసిపోలేదంటే చదవట్లేదనే. ముందు వాణ్ణి పిలవండి మేడమ్." నవ్వాం. కానీ జరిగిందదే, అలసట దగ్గర అందరూ టిక్కు పెట్టారు. మార్కులు పది దాటితే పిలవాలన్నది కాగితం పుట్టిన దేశపు లెక్క. ఇక్కడ మూడో వంతు పిల్లలు పది దాటేశారు. ఉన్నది ఒక్క డాక్టరు, నాలుగు రోజులు. ఇంతమందిని పిలిస్తే తల్లిదండ్రులు గేటు విరగ్గొడతారని ప్రిన్సిపాల్ బెంబేలెత్తాడు. అప్పుడు పదమూడు దగ్గర గీత గీద్దామన్నది నేనే అక్కా. లెక్కలు చక్కగా కుదిరాయి. షీ మేడమ్ నన్ను మెచ్చుకుంది.

కాగితాల మీద పేర్లుండవు, బల్ల నంబరే. కానీ తల్లిదండ్రుల సమావేశానికి నీ బదులు నేనే వెళ్ళి యాన్‌షూ బల్ల దగ్గర కూర్చున్నాను కదా. నాలుగో వరుస, కిటికీ పక్క. ఆ నంబరు కాగితం నా చేతికొచ్చింది. మార్కులు పన్నెండు. చచ్చిపోతే బాగుండుననిపించిందా అన్నచోట "కొన్ని రోజులు" అని టిక్కు పెట్టి ఉంది.

చూశాను అక్కా. చూసి కట్టలో పెట్టేశాను. ఎవరిదో తెలిసినా తెలియనట్టుండాలన్నది నియమం. గీత గీసిన నేనే ఇంటిపిల్ల కోసం దాన్ని దాటితే నలుగురూ ఏమంటారోనని భయపడ్డాను. రెండోసారి ఆ నంబరుకి అన్నీ సున్నాలొచ్చాయి. హమ్మయ్య, తగ్గిపోయిందనుకున్నాను. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడిందంటారే, ఆ బల్లిని నేనే.

ర్యాంకు లేదక్కా. యాన్‌షూ బడికి వెళ్ళక పందొమ్మిది రోజులైంది. గోడవైపు తిరిగి పడుకునే ఉంటోంది. జిల్లా ఆసుపత్రిలో చూపించాను. మాత్రలిచ్చి, ఒంటరిగా వదలొద్దన్నారు. ఎప్పటికి కోలుకుంటుందంటే, వచ్చే వారం మళ్ళీ తీసుకురమ్మన్నాడు డాక్టరు. సెలవు పెట్టి దాని పక్కనే కూర్చుంటున్నాను. నువ్వు వెంటనే బయల్దేరు. వస్తే నీతోనైనా మాట్లాడుతుందో లేదో, ఆ నమ్మకమూ నాకు లేదు.

నిన్న మధ్యాహ్నం గంజి పట్టుకెళ్ళి ఉండబట్టలేక అడిగాను. "మొదట అలా రాశావు, తర్వాత అన్నీ సున్నాలెందుకు రాశావమ్మా?"

ఇటు తిరగలేదు. "మొదటిది నువ్వు చదువుతావని రాశాను పిన్నీ. రెండు వారాలు చూశాను. నువ్వు రాలేదు."

ఇట్లు,
నీకు ముఖం చూపించలేని చెల్లెలు,
మెయ్‌చిన్