రెండో గడి

చిరంజీవి గువ్వకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ జ్వరం లేదు, జలుబు లేదు, మోకాలు మెట్ల దగ్గర తప్ప మాట వింటోంది. దీన్నే క్షేమం అంటారు కాబట్టి క్షేమమే. నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను.

ఫోన్లో "ఊ", "సరే" తప్ప నా దగ్గర మాటల్లేవనీ, ఉత్తరమైనా రాయమనీ దెప్పావు. రాస్తున్నాను. నువ్వు అడిగినవి మూడు. వేళకి తింటున్నానా అన్నది మొదటిది. తింటున్నాను. ఒక పూట వండి రెండు పూటలు తింటున్నాను.

రెండోది నీ పరిశోధన వ్యాసం సంగతి. మీ ప్రయోగశాల గుమ్మం కూడా తొక్కని మీ గైడ్ స్నేహితుడి పేరు రచయితల్లో చేర్చమంటున్నారు, ఏం చెయ్యను అన్నావు. చేర్చకు. మర్యాదగా చెప్పు, కాగితం మీద చెప్పు, కానీ చేర్చకు. పదిహేనేళ్లుగా ఈ పరిశోధన పత్రికలో సహాయ సంపాదకుడిగా కూర్చుని ఇదే చూస్తున్నాను. విసుగు తలకెక్కింది. పోయిన నెల నాలుగు పేజీల వ్యాసం ఒకటి వచ్చింది. రచయితలు పదకొండు మంది. అనుమానం వచ్చి ఎనిమిదో ఆయనకి ఫోన్ చేశాను. "చాలా సంతోషమండీ, ఇంతకీ దేని గురించి ఆ వ్యాసం?" అన్నాడు. ఇంకొకాయన తన వ్యాసాన్ని పరిశీలించడానికి తనే ముగ్గురు నిపుణుల పేర్లు, మెయిలు చిరునామాలు ఇచ్చాడు. ముగ్గురూ ఒకే ఆదివారం, పది నిమిషాల తేడాతో, అద్భుతం అని రాశారు. ఆరా తీస్తే ఆ మూడు చిరునామాలూ ఆయన తెరిచినవే. నిలదీస్తే, పెద్దవాళ్లకి తీరిక ఉండదు కదా, వాళ్ల తరఫున తనే చదివానన్నాడు.

అచ్చుకి ముందు ప్రతి రచయితా సమ్మతి పత్రం మీద తన సంతకం తనే చెయ్యాలని మా నియమం. జూన్‌లో ఒక పత్రం వచ్చింది, తొమ్మిది సంతకాలూ ఒకే చేతివి. మొదటి నాలుగూ శ్రద్ధగానే ఉన్నాయి, చివరికొచ్చేసరికి ఆయనకి చెయ్యి నొప్పెట్టినట్టుంది. ఆయనకి రెండు పేజీల ఉత్తరం రాశాను. సంతకం అలంకారం కాదనీ, చేసినవాడు ఆ పనికి పూచీ పడుతున్నట్టనీ, ఒకరి పూచీ ఇంకొకరు పడలేరనీ. పక్క సీటు టైపిస్టు అది చదివి, "పాపం, కడిగి పారేశారు కదా సార్" అంది. నాకు తృప్తిగానే అనిపించింది.

మూడో ప్రశ్న, అమ్మ ఆఖరి వ్యాసం ఎప్పుడొస్తుంది, ఎందుకింత ఆలస్యం అని. దీనికి జవాబు చెప్పాలనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. పైదంతా దాటవేత.

ఆ వ్యాసం అమ్మ మా పత్రికకే పంపిందని నీకు తెలుసు. భార్య రాసింది కాబట్టి ఆ ఫైలు నేను ముట్టుకోనని పెద్దాయనకి, అదే మా ప్రధాన సంపాదకుడికి, ముందే రాసిచ్చాను. పరిశీలకులు రెండుసార్లు తిప్పి పంపారు. నాలుగేళ్లు ఉప్పునేలలో గడ్డి వేళ్లని దారంతో కొలిచిన మనిషి. రెండుసార్లూ ఓపికగా దిద్దింది. ఫిబ్రవరిలో ఆమోదం వచ్చింది. ఆస్పత్రి మంచం మీద ఆ మెయిలు నాకు చదివి వినిపించి, "మీ సిఫారసు లేకుండానే వచ్చింది, చూసుకోండి" అంది. మార్చిలో పోయింది.

ఏప్రిల్‌లో సమ్మతి పత్రం ఆమె మెయిలుకి వచ్చింది. ఆ మెయిలు నేనే చూస్తున్నాను. పత్రంలో రచయిత పేరు పక్కన రెండు గడులుంటాయి. మొదటిది సంతకానికి. రెండోది, రచయిత మరణించి ఉంటే టిక్కు పెట్టి ఆ తేదీ వెయ్యడానికి. ఆ రెండో గడి ఎనిమిదేళ్ల కిందట పట్టుబట్టి పెట్టించింది నేనే. కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తర్వాత మొదటి గడిలో అమ్మ సంతకం చేశాను. ఇరవై ఎనిమిదేళ్లు చూసిన సంతకం, తేడా లేకుండా వచ్చింది. తేదీ లేని పత్రాల్ని తిప్పి పంపడం నా ఉద్యోగం. అలవాటు కొద్దీ నా చెయ్యి సంతకం కింద ఆ రోజు తేదీ కూడా వేసింది. ఏప్రిల్ తొమ్మిది. పంపేశాను.

ఇది నీకు ఫోన్లో చెప్పలేకపోయాను.

పోయిన వారం సంచిక అచ్చుకి వెళ్లేముందు టైపిస్టు పత్రాల కట్ట తెచ్చింది. "సార్, మేడమ్ సంతకం కింద ఏప్రిల్ తొమ్మిది అని ఉంది" అంది. అమ్మ పోయిన రోజు మన వంటగదిలో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నిలబడ్డ మనిషి. ఆ కాగితం కట్ట అడుగున పెట్టి, టీ తాగొస్తానని వెళ్లిపోయింది. దిద్దుకోవడానికి నాకు వ్యవధి ఇచ్చిందని అర్థమైంది.

కాగితం తీసుకుని పెద్దాయన గదికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు.

"దానికేముందయ్యా, ఏప్రిల్ కొట్టేసి ఫిబ్రవరి రాయి. వ్యాసం ఆవిడదే, రాసి పంపిందీ ఆవిడే. ఎవరికి నష్టం?"

"తొమ్మిది సంతకాల ఆయన కూడా ఇదే అడిగాడండీ."

"ఆయనా నువ్వూ ఒకటా?"

"కాగితం మీద ఒకటే."

ఆయన విసుక్కుంటూ నియమాల పుస్తకం తెమ్మన్నారు. అమ్మ వ్యాసం ఈ సంచిక నుంచి తీసేశారు. సంతకాలు సరిచూసే పని నుంచి నన్ను తప్పించమని నేనే రాసిచ్చాను.

అసలు దెబ్బ పిన్నికి తగిలింది. అమ్మతో పాటు ఆ నేలల్లో తిరిగిన మనిషి, వ్యాసానికి రెండో రచయిత. ఈ సంచికలో వస్తే ఆమె ఉద్యోగం ఖాయమయ్యేది. ఇప్పుడు ఆ ఉద్యోగం ఇంటర్వ్యూ నాటికి అందదు. నేనే వెళ్లి చెప్పాను. కూర్చోమనలేదు.

"బావగారూ, ఆ కాగితం నాకు పంపి ఉంటే ఆ గడి నేను నింపేదాన్ని కదా. అక్క ఉంటే మిమ్మల్ని ఉతికి ఆరేసేది."

నిజమే అన్నాను.

"నిజమే అనకండి, ఒళ్లు మండుతోంది" అంది. కాసేపటికి లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఎవరికి నష్టమో ఆ గుమ్మంలో నిలబడి చూశాను.

మీ గైడ్ విషయంలో నా సలహా మారలేదు. సలహా ఇచ్చినవాడి సంగతి తెలిశాక నువ్వు దాన్ని పక్కన పడేసినా తప్పుపట్టను.

ఈ కవర్లో కొత్త సమ్మతి పత్రం ఉంది. పోయిన రచయిత తరఫున ఇంట్లో ఒకరు ధ్రువీకరించాలి. ఆ ఒకరు నేను కాకూడదన్నారు పెద్దాయన. న్యాయమే. నువ్వు చెయ్యాలి. ముందు వ్యాసం చదువు, నకలు జతచేశాను. పట్టికలు కూడా వదలకుండా చదువు. అర్థం కానివి పిన్నిని అడుగు, నన్ను కాదు. పూచీ పడగలననిపిస్తేనే సంతకం చెయ్యి. నెలాఖరులోగా చేరితే వచ్చే సంచికలో వస్తుంది.

రెండో గడిలో టిక్కు మాత్రం నేనే పెడతానని పెద్దాయన్ని అడిగి ఒప్పించాను. పెట్టాను. పక్కన తేదీ వేశాను. ఒకసారి సరిచూసుకో.

ఇట్లు,
మీ నాన్న